నొప్పి లేదన్న గురవమ్మ

నేను ఒక పెన్నులా కనబడే టార్చిని. వేలెడు పొడుగు, జేబుకు తగిలించుకునే క్లిప్పు, నెత్తిమీద నొక్కే మీట, అన్నీ పెన్నుకున్నట్టే ఉంటాయి. అక్షరం మాత్రం రాయలేను. మీట నొక్కితే మూతి దగ్గర చిన్న వెలుగు వస్తుంది. డాక్టర్లు, నర్సులు, అంబులెన్సుల్లో పనిచేసేవాళ్ళు ఆ వెలుగును మనుషుల కళ్ళలోకి కొట్టి చూస్తారు. వెలుగు పడగానే కంటిపాప ముడుచుకోవాలి. రెండు కళ్ళలోనూ ఒకేలా ముడుచుకుంటే తలలో అంతా సవ్యంగా ఉందనడానికి అదొక గుర్తు. ఒకటి ముడుచుకుని ఇంకొకటి పెద్దదిగా ఉండిపోతే ప్రమాదం. నాకు తెలిసిన విద్య అంతే. కడుపులో ఏముందో, మనసులో ఏముందో నేను చూడలేను. ఈ సంగతి ముందే చెప్పుకుంటే మంచిది.

నేను పుట్టిన చోట ఒక పొడుగాటి బల్ల, దానికి రెండు వైపులా మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఉండేవారు. ఒకామె నాలో బ్యాటరీ వేసి, వెలుగుతున్నానో లేదో చూడటానికి ఎదురుగా కూర్చున్న స్నేహితురాలి మొహం మీద కొట్టింది. ఆమె విసుక్కుని కళ్ళు చిట్లించింది. నేను చూసిన మొదటి కళ్ళు అవి. బాగానే ఉన్నాయి.

గుంటూరులో మందుల దుకాణంలో నన్ను కొన్నవాడు అప్పుడే చదువు పూర్తిచేసిన కుర్ర డాక్టరు. తెల్లకోటు జేబుకు నన్ను తగిలించుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. రోగుల కళ్ళకంటే ఎక్కువగా మోటారుసైకిలు తాళాల కోసం, సినిమాహాల్లో సీటు నంబరు కోసం నన్ను వాడాడు. ఒకరోజు ఎమర్జెన్సీ వార్డు బల్ల మీద మరిచిపోయాడు. అక్కడి హెడ్ నర్సు రత్నకుమారి నన్ను తీసి జాగ్రత్త చేసింది. అతను మళ్ళీ అడగనేలేదు.

రత్నకుమారి కొన్నేళ్ళకు ఆ వార్డు వదిలి, అంబులెన్సుల్లో పనిచేయబోయేవాళ్ళకు శిక్షణ ఇచ్చే చోట టీచరుగా చేరింది. నేను ఆమె జేబులోనే ఉండి ఆ పాఠాలన్నీ విన్నాను. "బండి దిగగానే పరిగెత్తొద్దు. ఒక్క క్షణం నిలబడి చూడండి. కరెంటు తీగ ఉందా, పెట్రోలు కారుతోందా, ముందు మీరు బతికుండాలి," అనేది. "అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే. అరవకుండా పడున్నవాడి దగ్గరికి ముందు పోండి. పిలవండి, తట్టండి. గొంతులో దారి ఉందా, ఊపిరి ఆడుతోందా, నాడి దొరుకుతోందా. ఆ తర్వాతే మిగతా ఏదైనా." పిల్లలు ఒకరి నాడి ఒకరు పట్టుకుని నవ్వుకునేవారు. నవ్వనిచ్చేది. "ఇక్కడే నవ్వుకోండి," అనేది.

ఆ పిల్లల్లో సలోమి ఒకతె. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. వాళ్ళమ్మ మిరపకాయలు కోసి కూతుర్ని చదివించింది. చిన్నప్పుడు సెలవుల్లో తనూ తోటకు పోయి, ఆ మంట చేతులతో కళ్ళు నులుముకుని ఏడ్చిన పిల్లే. ఆఖరి పరీక్ష రోజున ఆమె సంచిలోని టార్చి వెలగలేదు. రత్నకుమారి తన జేబులోంచి నన్ను తీసి ఇచ్చింది. పరీక్ష అయ్యాక సలోమి తిరిగి ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉంచుకోమ్మా. నేనిప్పుడు క్లాసులో బొమ్మల కళ్ళే చూస్తున్నా," అంది.

అలా నేను పల్నాడు రోడ్ల మీదికి వచ్చాను. బండి నడిపేది బాజీ. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. సలోమి అతన్ని బాజీ అన్నా అనేది. అతను ఆమెను అమ్మా అనేవాడు, కోపం వస్తే సలోమీ అనేవాడు. ఆ రెండేళ్ళలో నేను చూసిన కళ్ళకు లెక్క లేదు. తాగి కాలువగట్టు మీద పడుకున్నవాళ్ళ ఎర్రటి కళ్ళు చూశాను. పురుగుమందు తాగినవాళ్ళ కళ్ళు చూశాను. వాటిలో పాప గుండుసూది మొనంత అయిపోతుంది. పంట పోయిన ఏడాది అలాంటి కళ్ళు ఎక్కువ చూశాను. వాటి గురించి ఇంకేం చెప్పను.

గురవమ్మను చూసింది మాఘమాసంలో, మిరప కోతలు జోరుగా ఉన్నప్పుడు. పొద్దున్నే కూలీలను ఎక్కించుకుని తోటకు పోతున్న ట్రక్కు ఆటో ఒకటి కాలువ మలుపు దగ్గర బోల్తా పడిందని ఫోను వచ్చింది. మేం వెళ్ళేసరికి బండి పక్కకి ఒరిగి ఉంది. పైకి లేచిన చక్రం గాలికి మెల్లగా కదులుతోంది. క్యారేజీలు తెరుచుకుని, తెల్లటి అన్నం రోడ్డంతా చెల్లాచెదురై ఉంది. జనం మూగారు. సగంమంది సాయం చేస్తున్నారు, సగంమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

బాజీ బండిని ఎగువన ఆపి, దిగి ముందు ట్రక్కు కింద వాసన చూశాడు. బీడీ కాలుస్తున్న ఒకాయన చేతిలోంచి బీడీ లాగి నేలకేసి నలిపాడు. సలోమి సంచి భుజానికేసుకుని ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. జేబులో ఉన్న నాకు ఆమె గుండె చప్పుడు వినబడింది.

అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు ఆ ట్రక్కు ఆటో నడిపిన డ్రైవరు, కొండలు అనే అతను. తొడ ఎముక విరిగింది, కాలు వంకరగా ఉంది. "అమ్మా, నా కాలు! నర్సమ్మా, ముందిటు రా!" జనం కూడా అటే వేళ్ళు చూపిస్తున్నారు. సలోమి అతని వైపు చూసింది. మొహం ఎర్రగా ఉంది, ఊపిరి బలంగా ఉంది, నెత్తురు పెద్దగా కారడం లేదు. "వస్తానన్నా, కాలు కదపొద్దు," అని చెప్పి పక్కనుంచి దాటిపోయింది. అతను బూతులు తిట్టాడు.

రోడ్డు దిగువన చప్పుడు లేని చోటు ఒకటుంది. అక్కడ పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్ళ అమ్మాయి వెల్లకిలా పడి ఉంది. ఆమె తలను ఒక నడివయసు మనిషి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోచేతులదాకా మగాళ్ళ చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుంది. అలా చుట్టుకోవడం కోతకు పోయే ఆడవాళ్ళకు అలవాటు. ఒకాయన నీళ్ళసీసా మూత తీసి ఆ పిల్ల నోట్లోకి వంచబోతున్నాడు.

"ఆ నీళ్ళు ఆపయ్యా! పొయ్యొద్దు!"

"గొంతు తడుపుదామని తల్లీ..."

"మెలకువ లేని మనిషికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జరుగు పక్కకి."

సలోమి మోకాళ్ళ మీద కూర్చుని, "పాపా! పాపా!" అని భుజం తట్టింది. జవాబు లేదు. గొంతులోంచి గరగరమని గురక వస్తోంది.

"నిద్రపట్టినట్టుందమ్మా దీనికి. గురక పెడతంది," అంది ఒళ్ళో పెట్టుకున్నామె, ఆశగా.

"నిద్ర కాదమ్మా. నాలుక వెనక్కి పడి ఊపిరికి అడ్డమొచ్చింది." సలోమి పిల్ల మెడ కదలకుండా తలను మెల్లగా నేలమీదికి దించి, రెండు దవడలనూ వేళ్ళతో ముందుకు ఎత్తింది. గురక ఆగింది. ఛాతీ పైకి లేచింది. "నీ పేరేంటమ్మా?"

"గురవమ్మ. ఇది నా కూతురే. నాగలత."

"గురవమ్మా, ఇట్టా చూడు. నా వేళ్ళు ఎట్టా ఉన్నాయో నీ వేళ్ళు అట్టాగే పెట్టు. నేను చెప్పేదాకా వదలమాక."

గురవమ్మ మిరపఘాటుకు పగిలిన వేళ్ళు కూతురి దవడల కింద పెట్టింది. సలోమి నన్ను తీసింది. ఎడమకన్ను తెరిచి నా వెలుగు కొట్టింది. పాప చటుక్కున ముడుచుకుంది. కుడికన్ను తెరిచింది. అక్కడ పాప పెద్దదిగా, నల్లగా, నా వెలుగుతో తనకేమీ పని లేనట్టు అలాగే ఉంది. ఇంకొకసారి కొట్టి చూసింది. ముడుచుకోలేదు.

"బాజీ అన్నా! బోర్డు, మెడపట్టీ తీసుకురా. గుంటూరు పోవాలి, పెద్దాసుపత్రికి. ఇంకో బండి పంపమని ఫోను చెయ్యి."

"ఏమైంది నా బిడ్డకి?"

"తల లోపల నెత్తురు కారుతున్నట్టుంది. ఆపరేషన్ చేస్తే బతుకుద్ది. ఆలస్యం కాకూడదు."

"బండిలో ఎంతమంది పడతారు తల్లీ?"

"పడుకోబెట్టి ఒకర్నే. పక్కన బెంచీ మీద ఇంకొకరు."

ఆ మాట విని గురవమ్మ తల దించి కూతురి మొహం చూసింది. ఆమె ఏదో తేల్చుకున్న క్షణం అదేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

సలోమి మిగిలినవాళ్ళందర్నీ ఒక చుట్టు చూసి వచ్చింది. గీరుకుపోయిన చేతులు, పగిలిన పెదవి, ఒకామెకు మణికట్టు విరిగింది. కొండలు కాలికి చెక్కబద్ద కట్టింది. అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. మళ్ళీ గురవమ్మ దగ్గరికి వచ్చేసరికి బాజీ నాగలతను బోర్డు మీదికి ఎక్కిస్తున్నాడు.

"గురవమ్మా, నీకెక్కడ తగిలింది?"

"నాకేం కాలా."

"బండి మీద పడిందా?"

"నా మీద పడలా. దూకేశా నేను."

సలోమి ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి పరిగెడుతోంది. నుదుటి మీద సన్నటి చెమట ఉంది. మాఘమాసపు పొద్దుటిపూట చల్లగాలి కొడుతుంటే ఆ చెమటేమిటో! చెయ్యి చల్లగా ఉంది. సలోమి నా వెలుగును ఆమె కళ్ళలోకి కొట్టింది. రెండు పాపలూ చక్కగా, ఒకేలా ముడుచుకున్నాయి. గురవమ్మ రెప్ప వేయకుండా నేరుగా నా వెలుగులోకే చూసింది. నేను చెప్పగలిగింది నిజమే చెప్పాను. ఆ తలకు దెబ్బ తగల్లేదు.

సలోమి చొక్కా మీదనుంచే ఎడమ డొక్క కింద నొక్కింది. "ఇక్కడ నొప్పి ఉందా?"

"లా."

"ఇక్కడ?"

"లా తల్లీ. ఉంటే చెప్పనా? నా నాడి కొట్టుకుంటందంటే నా బిడ్డ అట్టా పడుంటే కొట్టుకోదా? నన్ను పట్టుకుని కూసోమాక, దాన్ని సూడు."

సలోమి ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమీ కదలలేదు. జీవితమంతా మండే చేతులతో పనిచేసినవాళ్ళకు మొహం కదపకుండా ఉండటం అలవాటే. కానీ సలోమికి అనుమానం వచ్చింది. వచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె నన్ను జేబులో పెట్టకుండా అలాగే పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వు బెంచీ మీద ఎక్కు. నీకు కూడా పెద్దాసుపత్రిలో ఒకసారి చూపిద్దాం."

అక్కడ గొడవ మొదలైంది. కొండలు తాలూకు మనుషులు బండి తలుపుకు అడ్డంపడ్డారు. "ఏందమ్మా నీ న్యాయం? కాలు ఇరిగినోడు రోడ్డు మీద పడుంటే, నిలబడి మాట్లాడే ఆడదాన్ని ఎక్కిస్తావా?" ఒకడు ఫోను ఆమె మొహానికి దగ్గరగా పెట్టి, "చెప్పు, నీ పేరు చెప్పు," అన్నాడు. గురవమ్మ కూడా, "వాణ్ణే ఎక్కించు తల్లీ, నేను బస్సులో వస్తా," అంది. బాజీ దిగివచ్చి అడ్డంగా ఉన్నవాళ్ళను భుజంతో పక్కకు తోసి, గురవమ్మను చెయ్యి పట్టి ఎక్కించి, తలుపు వేశాడు.

బండి కదిలింది. సలోమి నాగలత తల దగ్గర కూర్చుని ఆక్సిజన్ పెట్టింది. కాసేపటికొకసారి నాతో కళ్ళు చూస్తోంది. గురవమ్మ బెంచీ మీద, కూతురి పాదం ఒక చేత్తో పట్టుకుని కూర్చుంది.

"తలకి ఆపరేషనంటే జుట్టు గొరుగుతారా?"

"గొరుగుతారమ్మా. మళ్ళీ వస్తది."

"పొడుగు జుట్టు. నేనే దువ్వుతా."

ఇంజను చప్పుడు, సైరను మోత. ఉన్నట్టుండి గురవమ్మ, "నీళ్ళుంటే కొంచెం ఇయ్యమ్మా. నోరు ఎండిపోతంది," అంది. సలోమి గిరుక్కున తిరిగింది. ఒంట్లో నెత్తురు పోతున్నప్పుడు అలాంటి దాహం వేస్తుందని ఆమెకు తెలుసు. గురవమ్మ మొహం బూడిదరంగుకు తిరిగింది. పెదవుల్లో నెత్తురు లేదు. సలోమి లేచి ఆమె చొక్కా ఎత్తింది. ఎడమ పక్కటెముకల మీద వెడల్పాటి కమిలిన మచ్చ. కడుపు గట్టిగా బిగుసుకుని ఉంది. ఈసారి నొక్కితే గురవమ్మ పళ్ళు కరుచుకుని కళ్ళు మూసుకుంది.

"నొప్పి లేదన్నావు! ఎందుకట్టా చెప్పావు?"

"ఉందంటే దాన్ని దించేస్తావేమోనని."

"ఎవరమ్మా దించేది? నేను దించేదాన్నా?" అంది సలోమి.

ఆమెకున్నవి రెండే చేతులు. బండిలో ఇద్దరు మనుషులు ప్రాణాల మీద ఉన్నారు. గురవమ్మను బెంచీ మీద పడుకోబెట్టి కాళ్ళ కింద సంచి ఎత్తు పెట్టింది, చేతికి సెలైను సూది పెట్టింది, మధ్యలో ఇటు తిరిగి నాగలత ఊపిరి చూసింది. అప్పటికే రక్తపోటు బాగా పడిపోయింది. గుంటూరుదాకా గురవమ్మ ఆగదు. దారిలో ఉన్న పట్నం ఆసుపత్రిలో సర్జను ఉన్నాడు, నెత్తురు దొరుకుతుంది, కానీ తలకు ఆపరేషన్ చేసేవాళ్ళు లేరు. సలోమి ఫోను చేసింది. "కడుపులో నెత్తురు కారుతున్న మనిషిని మీ గుమ్మంలో అప్పగించి పోతాను. స్ట్రెచరుతో బయట ఉండండి," అంది.

వాళ్ళు బయటే ఉన్నారు. తలుపు తెరవగానే నలుగురు చేతులు వేశారు. గురవమ్మ కూతురి పాదం వదల్లేదు. సలోమి ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది. నేను ఆమె జేబులోంచి కిందికి వేలాడుతూ ఆ వేళ్ళకు తగిలాను. మంచులా ఉన్నాయి.

"నువ్వు దాని దగ్గరుంటావుగా?" అంది గురవమ్మ.

"ఉంటా."

"నాకు తోడెవరూ అక్కర్లా."

తలుపు మూసి బండి కదిలించడానికి ఎంతోసేపు పట్టలేదు. సలోమి వెనక అద్దంలోంచి స్ట్రెచరు లోపలికి పోవడం చూసింది. తర్వాత నాగలత కళ్ళు చూసింది.

నాగలతకు ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. బతికింది. గురవమ్మకు కడుపు తెరిచి, సీసాల కొద్దీ నెత్తురు ఎక్కించి, చెయ్యగలిగిందంతా చేశారట. సాయంత్రానికి పోయింది. కబురు బాజీ ఫోనుకు వచ్చింది. అతను బండి కడుగుతున్నవాడల్లా పైపు కింద పడేసి, సలోమి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు వృథాగా పోతున్నాయి. "అమ్మా," అన్నాడు. అంతే. సలోమికి అర్థమైంది. పక్కకు పోయి పైపు కట్టేసి వచ్చింది.

ఆ రోజు నుంచి సలోమి మారింది. ఎవరు నొప్పి లేదన్నా నమ్మేది కాదు. అడిగిందే అడిగేది, నొక్కిన చోటే నొక్కేది. "పోలీసోళ్ళలాగా అడుగుద్దేందిరా," అని జనం విసుక్కునేవారు. ఒక పెద్దాయన గ్యాసు నొప్పి అని మొత్తుకుంటున్నా బలవంతంగా ఎక్కించి తీసుకుపోయింది. అది గ్యాసే. ఆయన మనవళ్ళు నవ్వారు. కొండలు తాలూకువాళ్ళు తీసిన వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. అందులో సలోమి గురవమ్మను ఎక్కించడం ఉంది, గురవమ్మ చచ్చిపోవడం లేదు. కొండలు కాలు అతుక్కుంది కానీ కొంచెం కుంటుతాడు. సంతలో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. సలోమి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. అన్నం తినేటప్పుడు మధ్యలో చెయ్యి ఆపి గోడవైపు చూస్తూ ఉండిపోయేది. బాజీ తన క్యారేజీలోంచి కూర ఆమె గిన్నెలో వేసేవాడు. అదీ అతను చెప్పే మాట.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నాగలత మా బండి ఆగే చోటికి వచ్చింది. బస్టాండు పక్కన రేకుల షెడ్డు అది. వేలెడు ఎత్తు జుట్టు పెరిగింది, దాన్ని చున్నీతో కప్పుకుంది. వెంట తండ్రి పేరయ్య. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. అతను లోపలికి రాలేదు, దూరంగా వేపచెట్టు నీడలో నిలబడ్డాడు. సలోమి గుర్తుపట్టి లేచింది.

"కూర్చో నాగలతా. ఎట్టా ఉంది తల?"

"బానే ఉందక్కా." కూర్చోలేదు. "ఒకటి అడుగుదామని వచ్చా. మా అమ్మ నొప్పని ఒక్కసారైనా అందా?"

"అనలేదు."

"నువ్వు అడిగావా?"

"అడిగాను. నొక్కి చూశాను. లేదంది."

"మరి నీకు తెలియలా?"

తెలియలేదు అని చెబితే ఆ పిల్ల వెళ్ళిపోయి ఉండేది. "అనుమానం వచ్చింది," అంది సలోమి. "అందుకే బెంచీ మీద ఎక్కించుకున్నా. కానీ అప్పుడు నీ ఊపిరి నా చేతుల్లో ఉంది. నీ కన్ను ఒకటి అప్పటికే పెద్దదైపోయింది. దార్లో నీ మీదే చూపు పెట్టా. ఆమెవైపు తిరిగి చూసేసరికి..."

"ముందే చూసుంటే బతికేదా?"

"తెలియదమ్మా. నాకు తెలియదు. రోజూ అదే అనుకుంటా."

నాగలత చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు నిలబడింది. "అంటే మా అమ్మా, నువ్వూ కలిసి నన్ను ఎంచుకున్నారు," అంది చివరికి. "నన్నెవరూ అడగలా."

సలోమి ఏడ్చింది. నాగలత ఏడవలేదు. ఏడ్చే మనిషిని ఏం చెయ్యాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, బల్ల మీద ఉన్న నన్ను తీసుకుంది. "దీంతోనేనా కళ్ళు చూసేది?"

"అవును."

"మా అమ్మవి కూడా చూశావా?"

"చూశా. బాగున్నాయి. నేరుగా ఇందులోకే చూసింది."

నాగలత నా మీట నొక్కి వెలుగును తన అరచేతిలో పడేలా పట్టుకుంది. ఆర్పి, నన్ను గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇస్తావా అని అడగలేదు. సలోమీ ఆపలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఫోన్లు మాత్రం చేసుకున్నారు, రెండుసార్లో మూడుసార్లో. నాకు వినబడినంతవరకు తల గురించి తప్ప వేరే మాట లేదు.

వాళ్ళది రెండు గదుల రేకుల ఇల్లు. నేను వంటగది గూట్లో ఉప్పుడబ్బా పక్కన ఉండేదాన్ని. తండ్రీ కూతుళ్ళు మంచివాళ్ళే, కానీ ఆ ఇంట్లో మాటలు కరువు. పేరయ్య పొద్దున్నే పోయేవాడు. నాగలత వండి పెట్టేది. చచ్చిపోయిన మనిషి పేరు ఇద్దరూ ఎత్తేవారు కాదు. నాగలతకు తలనొప్పి వచ్చేదని నాకు తెలుసు. గోడకు నుదురు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడేది. తండ్రి చెప్పుల చప్పుడు వినబడగానే గోడ దగ్గర్నుంచి జరిగి పొయ్యి దగ్గరికి పోయేది.

వానాకాలం మొదట్లో ఒకరోజు సందెవేళ గాలి లేచి కరెంటు పోయింది. పేరయ్య తడుముకుంటూ వచ్చి గూట్లోంచి నన్ను తీసి మీట నొక్కాడు. నా వెలుగు తిన్నగా నాగలత మీద పడింది. పొయ్యి పక్కన నేలమీద రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైందే?"

"ఏం లా నాన్నా."

అతను సరేనని తిరగబోయాడు. తిరగలేకపోయాడు. వచ్చి కూతురి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఏం లేదంటే నేను నమ్మనమ్మా. ఈ ఇంట్లో ఆ మాట నేనింక నమ్మను."

గాలికి రేకులు టపటప కొట్టుకుంటున్నాయి.

"నొప్పిగా ఉంది నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన కాడ్నుంచి."

"రోజూనా?"

"రోజూ కాదు. వచ్చినప్పుడు బాగా ఎక్కువ వస్తంది." అని, అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. "అమ్మ చెప్పలా, నేనెట్టా చెప్పను?"

పేరయ్య ఆమె ఫోను తీసుకుని, సలోమి నంబరు ఎక్కడుందో అడిగి, ఫోను చేశాడు. అవతల సలోమి గొంతు ఆదుర్దాగా వినబడింది. వాంతులు అవుతున్నాయా, ఒకటి రెండుగా కనబడుతోందా, చేతులూ కాళ్ళూ లాగేస్తున్నాయా, అడుగుతోంది. "టార్చి మీ దగ్గరే ఉందిగా బాబాయ్, కళ్ళు ఒక్కొక్కటే తెరిచి కొట్టి చూడండి."

బస్తాలు మోసి కాయలు కాచిన వేళ్ళు అవి. కూతురి కనురెప్పను తాకడానికి భయపడ్డాయి. ఒక కన్ను చూశాడు. రెండోది చూశాడు. నేను ఆ రెండింటిలోకీ వెళ్ళాను.

"రెండూ ఒకటే మాదిరి ముడుచుకుంటున్నయ్యమ్మా."

"మంచిది. అయినా కళ్ళు బాగున్నాయని ఊరుకోవద్దు. నేను బండితో వస్తున్నా, తయారుగా ఉండండి."

బాజీ హారను వినబడగానే ఇద్దరూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. కంగారులో నన్ను ఆర్పడం మరిచిపోయారు. నేలమీద పడి, ఎదురుగోడ మీదకి వెలుగుతూ ఉండిపోయాను. కొంతసేపటికి గోడ పసుపుగా కనబడింది, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత కనబడలేదు.

మర్నాడు తిరిగివచ్చారు. తల లోపల కొత్తగా ఏమీ లేదట, అంత పెద్ద దెబ్బ తర్వాత ఇలాంటి నొప్పులు కొన్నాళ్ళు ఉంటాయట, మందులు రాశారట. పేరయ్య నన్ను తీసి మళ్ళీ గూట్లో పెట్టాడు. బ్యాటరీ ఎవరూ మార్చలేదు. ఫోనుకే వెలుగు ఉన్నప్పుడు నాతో పనేముంది? ఇప్పుడు నాకేమీ కనబడదు, వినబడుతుంది అంతే. గురవమ్మ పేరు ఇప్పుడు ఆ ఇంట్లో అప్పుడప్పుడు వినబడుతోంది, ఏడుపుతో కొన్నిసార్లు, పచ్చడిలో ఉప్పు సంగతిలో కొన్నిసార్లు. నాగలతకు నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందో లేదో నాకు తెలియదు.

నిన్న సాయంత్రం కూడా వచ్చింది.

"నాన్నా, ఇయ్యాల నొప్పిగా ఉంది."

"పోయి పడుకో అమ్మా. కూర సంగతి నేను చూసుకుంటా."

మంచం కిర్రుమంది. గిన్నెమీద మూత తీసిన చప్పుడు వినబడింది.